మూత లేని తొట్టి

బల్గేరియాలో నల్ల సముద్రం ఒడ్డునున్న పోమోరియెలో స్తామత్‌ను ఇంటిపేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఉప్పు మడుల్లో పని మానేసి చాలా ఏళ్ళయినా ఊరంతటికీ అతను మేస్త్రీయే. పాల దుకాణంలో, మందుల షాపులో, చివరికి చర్చిలో కొవ్వొత్తులు అమ్మే ఆవిడ దగ్గర కూడా అదే పిలుపు. అతనికి ఆ పిలుపు ఇష్టం. ఇంట్లో భార్య మాత్రం ఆ మాట వెటకారానికే వాడేది.

మడుల్లో అతని పని చెప్పుకోవడానికి తేలికే. సముద్రపు నీటిని లోతు లేని గళ్ళలోకి వదులుతారు. ఎండా గాలీ కలిసి నీటిని తాగేస్తాయి. అడుగున ఉప్పు కడుతుంది. ఎప్పుడు తీయాలో చెప్పడం మేస్త్రీ పని. స్తామత్ గట్టు మీద వంగి వేలు ముంచి నాలుకకు రాసుకుని, కాసేపు సముద్రం వైపు చూసినట్టుగా ఏ దిక్కూ కాని దిక్కుకు చూసి, "ముట్టకండి" అనేవాడు. ఆ మాట అన్నాక పార దించే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఒకసారి కొత్తగా చేరిన పనివాడు తొందరపడి ఒక గడిలో చెక్క పార ఆడించాడు. అప్పుడే పేరుకుంటున్న ఉప్పు పలుకు విరిగి నీళ్ళలో కలిసిపోయింది. ఆ ఏడు మడులు మూసేదాకా స్తామత్ ఆ మనిషితో మాట్లాడలేదు. ఉప్పు తనంతట తాను ఎక్కుతుంది, దాని పనిలో మనిషి వేలు పెట్టకూడదు. అతను నేర్చుకున్నదీ ఇతరులకు నేర్పిందీ ఇదే.

అతని భార్య కెరానా పిల్లల బడిలో వంట చేసి రిటైరైంది. పొట్టి మనిషి, మోకాళ్ళ నొప్పులు, నోరు మాత్రం చురుకు. ఇద్దరూ మా పై అంతస్తులో ఉండేవాళ్ళు. ఒకటే పెద్ద గది, దాని చివర అద్దాలు బిగించి వంటింటిగా మార్చుకున్న బాల్కనీ. ఆ బాల్కనీలోకి వెళ్ళాలన్నా బయటికి రావాలన్నా ఆ గది గుండానే దారి.

తొట్టి ఆ గదిలోకి ఎలా వచ్చిందంటే, మా భవనంలోనే ఉండే పళ్ళ డాక్టరు వేరే ఊరికి మకాం మార్చాడు. ఆయన క్లినిక్‌లో రోగుల భయం పోగొట్టడానికి ఒక అక్వేరియం ఉండేది. మంచినీళ్ళది కాదు, సముద్రపు నీళ్ళది. రాళ్ళను కరచుకుని, పువ్వుల్లా విచ్చుకునే ఎర్రటి జీవాలు, సముద్రపు పువ్వులంటారు వాటిని, సందుల్లో తొంగిచూసే పాప్చె చేపలు, గాజులాంటి రొయ్యలు. ఎవరికివ్వాలా అని ఆలోచించి, సముద్రం సంగతి తెలిసిన మనిషని స్తామత్‌కు ఇచ్చాడు. వెళ్తూ ఒక్క మాట చెప్పాడు. ఎండలు మండే రోజుల్లో మూత కాస్త జరిపి ఉంచమన్నాడు, మిగతా రోజుల్లో మూసి ఉంచమన్నాడు.

స్తామత్ ఆ గాజు మూతను మర్నాడే పొరుగింటి ఎలక్ట్రీషియన్ మించో భార్యకు ఇచ్చేశాడు, టమాటా నారు మీద కప్పుకోమని.

"నీళ్ళకు మూతేమిటి? పచ్చడి జాడీయా?" అన్నాడు. "నలభై ఏళ్ళు నీళ్ళతో బతికాను. గాలి తగలని నీళ్ళు కుళ్ళిపోతాయి."

అతని మాటలో నిజం లేకపోలేదు. ఆగస్టులో మా భవనం పొయ్యిలా కాలుతుంది. మూత ఉంటే నీళ్ళు వేడెక్కి చేపలు తేలిపోయేవే. తెరిచి ఉన్న నీరు ఆవిరవుతూ చల్లబడుతుంది. తొట్టి నిజంగానే కళకళలాడింది. సముద్రపు పువ్వులు డాక్టరు దగ్గర ఉన్నప్పటికంటే పెద్దగా విచ్చుకున్నాయి. చూడటానికి వచ్చినవాళ్ళందరికీ స్తామత్ వేలు ముంచి నాకి, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేవాడు. నీళ్ళు తగ్గితే కుళాయి నీళ్ళు పోసే పని మాత్రం కెరానాది, ఎందుకంటే ఇంట్లో ఎక్కువసేపు ఉండేది ఆమె. అతను పొద్దున్నే లేచి పాత మడుల వైపు వెళ్ళి, అక్కడి కుర్రాళ్ళకు అడగని సలహాలిచ్చి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాడు.

మొదటి గొడవ చేప వల్ల వచ్చింది. కెరానా ఊడుస్తుంటే సోఫా వెనక ఒక పాప్చె దొరికింది, ఎండి కట్టెలా బిగుసుకుపోయి. దాన్ని కాగితం మీద పెట్టి భోజనాల బల్ల మీద, స్తామత్ పళ్ళెం పక్కన ఉంచింది.

"ఇదిగో, మీ మడుల్లో పనివాడు. పని ఎగ్గొట్టి పారిపోతుంటే దారిలో పోయాడు."

"దూకాడంటే ఒంట్లో సత్తువ ఉన్నట్టు."

"ఉండేది. ఇప్పుడు లేదు. మూత పెట్టవయ్యా."

"సముద్రానికి మూత ఉందా?"

"సముద్రం పక్కన సోఫా ఉందా?"

మించో మధ్యేమార్గం చెప్పాడు. చేపల వల ముక్కను చెక్క చట్రానికి బిగించి పైన పెడితే గాలీ ఆడుతుంది, చేపా దూకదు అన్నాడు. స్తామత్ అదీ ఒప్పుకోలేదు. వల అంటే చేపలు భయపడతాయని అతని వాదన. కెరానా నవ్వి, "చేపలకు వలంటే భయం ఉండి ఉంటే నువ్వు పుట్టినప్పట్నుంచి తింటున్నవన్నీ ఎక్కడివి?" అంది.

చేపలు దూకితే పోయేది చేపలే. అసలు సంగతి వేరే ఉందని మించో ఆ రోజే కనిపెట్టాడు. తొట్టి అడుగు నుంచి గాలి బుడగలు పైకొచ్చి పగులుతుంటే కంటికి కనపడని తుంపర ఎగురుతుంది. మూత ఉంటే అది మూతకు తగిలి మళ్ళీ నీళ్ళలో పడుతుంది. మూత లేదు కాబట్టి పైనున్న దీపం మీద, దీపం నుంచి దిగే వైరు మీద పడుతోంది. నీరు ఎండిపోతుంది, ఉప్పు మిగులుతుంది. మిగిలిన ఉప్పు గాలిలోని చెమ్మను పీల్చి ఇంకాస్త ముందుకు పాకుతుంది. తొట్టి అంచున తెల్లటి మంచులా పట్టింది. వైరు మీద చలికాలపు కొమ్మలా పలుకులు కట్టింది. ఆ వైరు తిన్నగా కిందికి దిగి, సోఫా వెనక గోడకున్న ప్లగ్గుల బోర్డులోకి వెళ్తోంది.

"స్తామత్ బాబాయ్," అన్నాడు మించో మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేస్తూ, "ఈ వైరు ఇట్లా తిన్నగా రాకూడదు. కింద ఒక వంపు తిరిగి పైకి ఎక్కి ప్లగ్గులో పోవాలి. అప్పుడు తడి వంపు దగ్గర కారిపోతుంది. ఇప్పుడు బోర్డులోకే పోతోంది. ఉప్పు బోర్డు దాకా వచ్చేసింది చూడు."

స్తామత్ కూడా వంగి చూశాడు. అతని ముఖం వెలిగిపోయింది.

"చూశావా? మనిషి చెయ్యి పడకుండా ఎంత శుభ్రంగా ఎక్కిందో! ఈ పలుకు మడుల్లో కూడా ఏడాదికి ఒకటి రెండు సార్లే కనపడేది."

"బాబాయ్, అది కరెంటు పక్కన ఎక్కుతోంది."

"ఎక్కనీ. దానికి గాలి నచ్చింది."

మించో లేచి చేతులు దులుపుకుని కెరానా వైపు చూశాడు. "పిన్నీ, ఒకరోజు ఈ గదిలో ఎవరికో ఒకరికి ముప్పు తప్పదు. నేను చెప్పాల్సింది చెప్పాను," అన్నాడు. గదిలో ఎక్కువసేపు ఉండేది ఎవరో ముగ్గురికీ తెలుసు.

ఆ తరువాత కొన్ని వారాలు ఏమీ కాలేదు. కారణం కెరానా. స్తామత్ గడప దాటగానే ఆమె దీపం ఆపి, ప్లగ్గు పీకి, పొడి గుడ్డతో వైరూ బోర్డూ తుడిచేది. మళ్ళీ అన్నీ యథాస్థానంలో పెట్టేది. ఎవరికీ చెప్పలేదు. స్తామత్‌కు మాత్రం ఏదో తేడా కనిపించింది. తన ఉప్పు ఎదగడం లేదు. బుడగల గొట్టం మార్చి చూశాడు, కిటికీ తెరిచి చూశాడు, కెరానా గాలి కొడుతోందని అరిస్తే మళ్ళీ మూశాడు. ఒకరోజు మడుల దగ్గర వాన పట్టుకోవడంతో మధ్యలోనే తిరిగొచ్చాడు. గుడ్డ ఆమె చేతిలో ఉంది.

"ఎవరు ముట్టుకోమన్నారు?"

"ఎవరో చెప్పాలా? నా ఇంట్లో దుమ్ము నేను తుడుచుకుంటున్నాను."

"అది దుమ్మా?"

"గోడ మీదున్నది ఏదైనా నాకు దుమ్మే."

అప్పుడు స్తామత్ ఇంట్లో ఏనాడూ వాడని గొంతు వాడాడు. మడుల గట్టు మీద నుంచి పనివాళ్ళకు వినపడేలా వేసే గొంతు. మా ఇంట్లోకి కూడా స్పష్టంగా వినిపించింది. "నేను చెప్పేదాకా ఎవరూ ముట్టకూడదు!"

 తరువాత కెరానా మాట వినిపించింది, మామూలు గొంతులోనే. "సరే మేస్త్రీ. ఇక ముట్టను."

ఆమె ఆ మాట నిలబెట్టుకుంది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ తిరుగుతున్నారో గమనిస్తే సంగతి తెలిసేది. కెరానా సోఫాలో కూర్చోవడం మానేసింది. కుర్చీ తలుపు పక్కకు లాక్కుంది. బాల్కనీలోకి వెళ్ళేటప్పుడు ఎదుటి గోడ వారన, బీరువాకు ఆనుకుంటూ వెళ్ళేది. నీళ్ళు పోయాల్సి వస్తే చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, ముఖం పక్కకు తిప్పుకుని పోసేది. మెట్ల మీద ఎదురైతే నా భార్యతో చెప్పింది.

"టీవీ ఆపితే వినపడుతోందమ్మా. చిట్ చిట్‌మని. పెనం మీద ఉప్పు వేసినట్టు."

"మరి తుడిచెయ్యి పిన్నీ. ఆయనకేం తెలుస్తుంది?"

"ముట్టనని చెప్పాను కదా. ముట్టను. ఆయనే వచ్చి, కెరానా, తుడువమ్మా అనాలి."

"ఆయన అనడు."

"అనడని నాకూ తెలుసు."

తుడవనని మాటిచ్చింది గానీ మూత గురించి ఏ మాటా ఇవ్వలేదు. ఒక పొద్దున్న గాజు కోసేవాణ్ణి పిలిపించి కొలతలు ఇచ్చింది. వాడు గాజు తెచ్చేసరికి తలుపు తీసింది స్తామత్. చంకలో పలక పెట్టుకుని నిలబడ్డ మనిషి, "మేస్త్రీ, దీన్నెక్కడ పెట్టను?" అని అడిగాడు.

"మీ ఇంట్లో."

"పిన్నిగారు చెప్పారండీ, కోసేశాను కూడా."

"అయితే ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళి దాని కింద పెట్టుకో."

మెట్ల మీద ఉన్నవాళ్ళందరం నవ్వాం. గాజువాడూ నవ్వాడు. లోపల బాల్కనీలో ఉల్లిపాయలు తరుగుతున్న కత్తి చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది.

సెప్టెంబరు వచ్చింది. ఆ నెలలో మా ఊళ్ళో ఏ ఇంటి ముందు నిలబడ్డా ఒకటే వాసన, కాలుతున్న మిరపకాయలది. లావాటి ఎర్ర కాయలను నిలువుగా దించి కాల్చే కరెంటు పొయ్యి ప్రతి బాల్కనీలో ఉంటుంది. దాన్ని చుష్కోపెక్ అంటారు. చలికాలానికి జాడీలు నింపేదాకా అది ఆరదు. కరెంటు విపరీతంగా లాగుతుంది కాబట్టి ఆ రోజుల్లో ఫ్యూజులు పోవడం మామూలే. మా భవనంలో సగం ఇళ్ళలో ఇంకా పాత పింగాణీ ఫ్యూజులే ఉన్నాయి. పోయినప్పుడల్లా ఎలక్ట్రీషియన్ని పిలిచేవాళ్ళెవరూ లేరు. ఏదో వైరులోంచి రాగి పోగు లాగి చుట్టేయడం ఇక్కడ ప్రతి మగవాడికీ చేతనైన పని.

పై ఇంట్లో కూడా ఫ్యూజు పోయింది. స్తామత్ సన్న తీగ చుట్టాడు. మళ్ళీ పోయింది.

"నీ మిరపకాయలు కాదు గానీ, ఊరి కరెంటంతా మింగుతోందే ఆ పొయ్యి," అన్నాడు.

"పొయ్యి ఆపేసి ఉండగా పోయింది ఈసారి," అంది కెరానా.

"వేడి లోపల ఉండిపోయి ఉంటుంది."

"వేడి లోపల ఉండిపోతే ఫ్యూజు పోతుందా?"

"నీకేం తెలుసు?"

మూడోసారి పోయినప్పుడు అతను పాత రేడియో తీగలో నుంచి లావుపాటి పోగు తీశాడు. చుట్టి బిగించి పరీక్షగా చూసి, "ఇక పోదు," అన్నాడు. నిజమే, అది ఇక పోలేదు. అప్పటిదాకా ఆ ఇంట్లో బోర్డు పక్కన ఉప్పు తడిసినప్పుడల్లా, నిప్పు రవ్వ పుట్టినప్పుడల్లా ముందుగా కాలిపోయి కరెంటు ఆపుతూ వచ్చింది ఆ సన్న తీగే. ఆ మాట అతనికి చెప్పేవాళ్ళు ఆ రోజు ఇంట్లో లేరు. కెరానాకు తెలియదు, మించో పనికి వెళ్ళాడు.

అది జరిగిన రోజు మధ్యాహ్నం స్తామత్ మడుల దగ్గర ఉన్నాడు. పంట తీసే రోజులు, అక్కడి కుర్రాళ్ళు కూడా అతని మాట వినే రోజులు. కెరానా బాల్కనీలో మిరపకాయలు కాలుస్తోంది. వీపుకు గాలి తగిలితే పక్షవాతం వస్తుందని మా ఆడవాళ్ళందరికీ భయం. అందుకని గదివైపు తలుపు బిగించుకుంది. పైగా కాలిన వాసన తెరలకు పట్టకూడదు. తలుపుకు ఆ వైపున, సోఫా వెనక ప్లగ్గుల బోర్డు మెల్లగా కరగడం మొదలుపెట్టింది.

కాలుతున్న వాసన ఆమెకూ వచ్చింది, మాకూ వచ్చింది, భవనంలో అందరికీ వచ్చింది. ఎవరూ తల ఎత్తలేదు. సెప్టెంబరులో మా ఊళ్ళో కాలిన వాసన వస్తే ఎవరైనా ఎందుకు తల ఎత్తుతారు? నా భార్య కిటికీ దగ్గర నిలబడి, "కెరానా పిన్ని ఈసారి కాయలు బాగా మాడుస్తోంది," అంది కూడా.

పనినుంచి వస్తున్న మించో ఒక్కడే మెట్ల మీద ఆగాడు. మిరపకాయ వాసనకూ ప్లాస్టిక్ వాసనకూ తేడా అతని ముక్కుకు తెలుసు. ముందు మెట్ల మీదున్న పెట్టె తెరిచి పై ఇంటికి వెళ్ళే కరెంటు ఆపేశాడు. తరువాత తలుపు మీద భుజం వేశాడు. మేం ఇద్దరం ముగ్గురం పరిగెత్తాం. తలుపు ఊడేసరికి లోపల ఏమీ కనపడలేదు, నల్లటి పొగ తప్ప. సోఫా మండుతోంది. తెరలు అంటుకున్నాయి. ఆ పొగ అవతల ఎక్కడో గాజు పగిలిన చప్పుడు వినిపించింది. కెరానా బాల్కనీ అద్దాన్ని గిన్నెతో పగలగొట్టి, తల బయటపెట్టి ఊపిరి తీసుకుంటోంది. గది దాటి రావడానికి ఆమెకు దారి లేదు. మించో తడి దుప్పటి కప్పుకుని వెళ్ళి ఆమెను తీసుకొచ్చాడు. ఆ వేడికి తొట్టి పగిలి నీళ్ళన్నీ నేల మీదకు వచ్చాయి. మా ఇంటి పైకప్పులోంచి ఉప్పునీళ్ళు కారాయి.

ఆమె బతికింది. పక్క పట్నం బుర్గాస్ ఆసుపత్రిలో చాలా రోజులు ముక్కుకు గొట్టంతో ఉంది. గొంతు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు మాట్లాడితే కాగితం నలిపినట్టుగా ఉంటుంది.

స్తామత్ ఇంటికి వచ్చేసరికి అగ్నిమాపక దళం వాళ్ళు గొట్టాలు చుట్టుకుంటున్నారు. అతను గది మధ్యలో నిలబడి బాల్కనీ వైపు చేయి చూపించాడు.

"ఆ పొయ్యి. చెబుతూనే ఉన్నాను. ఆ పొయ్యి ఇల్లు తగలేస్తుందని చెబుతూనే ఉన్నాను."

చుష్కోపెక్ బాల్కనీలో చెక్కుచెదరకుండా ఉంది. లోపల సగం కాలిన కాయ ఒకటి నిలబడే ఉంది. మించో సోఫా అస్థిపంజరాన్ని పక్కకు జరిపి, గోడకు అతుక్కుపోయిన ప్లగ్గుల బోర్డు చూపించాడు. నల్లగా కరిగి గడ్డకట్టిన ప్లాస్టిక్. దాని చుట్టూ, గోడ మీద మసిలోంచి పొడుచుకొచ్చినట్టు తెల్లటి చార.

"ఇక్కడ మొదలైంది బాబాయ్. ఇక్కడి నుంచే."

స్తామత్ వంగాడు. చాలాసేపు చూశాడు. తరువాత గోటితో ఆ తెల్లటి చారను గీకి నాలుక మీద పెట్టుకున్నాడు. మేమందరం చూస్తూనే ఉన్నాం.

"మంచి ఉప్పు," అన్నాడు. "కొంచెం చేదు తగిలింది. మసి వల్ల."

మించో టోపీ పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ రోజు తరువాత అతను ఆ గడప తొక్కలేదు.

ఊళ్ళో జనం పొయ్యి మాటే నమ్మారు. నమ్మడం తేలిక. ప్రతి ఇంట్లో ఒక చుష్కోపెక్ ఉంది, ప్రతివాళ్ళకూ దాని గురించి ఒక కథ ఉంది. సముద్రపు నీళ్ళ తొట్టి ఇల్లు తగలబెట్టిందంటే ఎవరు వింటారు? నీళ్ళే కదా. స్తామత్ కూడా అదే కథ చెప్పి చెప్పి, చివరికి దాన్ని తనే నమ్మాడు. లేక మొదటినుంచీ నమ్మాడేమో. అతని ముఖం చూసి చెప్పడం కష్టం.

కెరానా ఆసుపత్రి నుంచి తిన్నగా చెల్లెలు వేల్కా ఇంటికి వెళ్ళింది, బుర్గాస్‌లోనే. ఇల్లు బాగయ్యేదాకా అని అందరూ అనుకున్నారు. గోడలకు సున్నం వేశారు. కొత్త సోఫా వచ్చింది. ఫ్యూజుల స్థానంలో సరైన స్విచ్చులు పెట్టించమని భవనం మొత్తం ఒత్తిడి చేస్తే స్తామత్ పెట్టించాడు. డిసెంబరు నాటికి ఇంట్లోకి మళ్ళీ నీళ్ళు మోసే మేస్త్రీ కనిపించాడు. రెండు చేతుల్లో రెండు ప్లాస్టిక్ డబ్బాలు, సముద్రం నుంచి. కొత్త తొట్టి పాతదానికంటే పెద్దది. గోడ మాత్రం అదే.

కెరానా ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. స్తామత్‌కు చెవులు మందగించాయి, అందుకని ఫోను స్పీకరులో పెట్టి అరుస్తాడు. మా పైకప్పు పలచన. ఇద్దరి మాటలూ వినపడతాయి.

"ఎట్లా ఉన్నావ్?"

"బాగానే ఉన్నా. ఎప్పుడొస్తున్నావ్?"

"తిన్నావా?"

"తిన్నా. చిక్కుడు గింజల చారు. ఎప్పుడొస్తున్నావని అడుగుతున్నా."

జవాబుకు బదులు ఆ నలిగిన గొంతు ఒకటే అడుగుతుంది. "మూత పెట్టావా?"

స్తామత్ చేపల గురించి చెబుతాడు. కొత్తగా దొరికిన సముద్రపు పువ్వు గురించి చెబుతాడు, ముదురు ఎరుపు, పిడికిలంత ఉందంటాడు. ఈ ఏడు గాలి ఎంత బాగుందో చెబుతాడు.

ఆమె అంతా వింటుంది. మళ్ళీ అదే అడుగుతుంది. అతను మళ్ళీ వేరేది చెబుతాడు. ఈ మధ్య ఆమె రెండోసారి అడగడం మానేసింది. "సరేలే, జాగ్రత్త," అని పెట్టేస్తోంది. చలికాలం బట్టలు తీసుకురమ్మని వేల్కాను పంపింది. ఆవిడ వచ్చి బీరువా ఖాళీ చేసి, రెండు సంచులు సర్దుకుని, ఎదుటి గోడ వారనే నడుచుకుంటూ బయటికి వెళ్ళింది.